స్థిరపడిన నావ

ఏరు దాటాక తెప్ప తగలేసేవాళ్ళు లోకంలో బోలెడుమంది. వాళ్ళ మీద సామెత కూడా ఉంది. ఏరు దాటకముందే తెప్పను సిమెంటు దిమ్మకు బిగించేసిన ఊరు మాత్రం తోకలంక ఒక్కటే. దాని మీద సామెత ఇంకా పుట్టలేదు. పుట్టేదాకా ఈ కథతో సరిపెట్టుకోండి.

తోకలంక గోదారి నడిమధ్యన ఇసుకా ఒండ్రూ కలిసి లేచిన లంక. ఏటేటా వరదకి గోదారి ఈ లంక తలకాయ కొరుక్కు తింటుంది, తిన్నదాన్ని తెచ్చి తోక దగ్గర పోస్తుంది. అందుకే ఆ పేరు. తాతల నాడు పాకలున్న చోట ఇప్పుడు బొచ్చెలు ఈదుతున్నాయి, తాతల నాడు బొచ్చెలు ఈదిన చోట ఇప్పుడు అరటి గెలలు వేలాడుతున్నాయి. శ్రావణంలో ఏరు ఎర్రబారిందంటే చాలు, లంకవాళ్ళు పాకలు విప్పి, మోటార్లు ఊడదీసి, మంచాలు, గేదెలు, కోళ్ళు సమస్తం నావకెక్కించి ఏటిగట్టు మీదికి కాపురం మార్చేస్తారు. నీళ్ళు తీశాక తిరిగొచ్చి, మిగిలిన నేల ఎక్కడుందో చూసుకుని మళ్ళీ పాక వేస్తారు. లంకలో స్థిరంగా ఉండేది వరద ఒక్కటే.

ఈ ఊరికి సర్పంచి ఓలేటి సుభద్రమ్మ. మొగుడు సూరన్నకి ఇంజను నావ ఉంది. పేరు శ్రీ గంగానమ్మ. ఊళ్ళో పెద్ద నావ అదొక్కటే. అరటి గెలలు ఒడ్డుకు చేరాలన్నా, జ్వరం వచ్చినవాడు ఆస్పత్రికి చేరాలన్నా, వరదలో ఊరు ఊరంతా గట్టెక్కాలన్నా గంగానమ్మే దిక్కు. అలాంటి నావ ఇంట్లో పెట్టుకుని సుభద్రమ్మ ఎన్నికల్లో వంతెన తెస్తానని గెలిచింది చూశారూ, అదీ ఆవిడ ధైర్యం. సూరన్న అడ్డు చెప్పలేదు. "వంతెనొత్తే నా నావెవడెక్కుతాడే" అని నవ్వి, ఆవిడ తరఫున ఇల్లిల్లూ తిరిగి ఓట్లడిగాడు.

వంతెన ఎందుకంటే, దాటలేని ఊరికి ఎవరూ పిల్లనివ్వడం లేదు. లంక నిండా ముదిరిపోయిన బ్రహ్మచారులు. వాళ్ళలో సుభద్రమ్మ కొడుకు నూకరాజు ఒకడు. గట్టవతల కొబ్బరి వ్యాపారం చేసే మల్లాడి అప్పన్న కూతురు సత్యవేణికీ వాడికీ మనసులు కలిశాయి. అప్పన్నకి మాత్రం గోదారి కలవలేదు. "లంకలో పుట్టినోళ్ళంతా రాక్షసులే అన్నారు గానీ మీరు మంచోళ్ళే చెల్లెమ్మా," అని చెప్పాడాయన సుభద్రమ్మతో, "కానీ నా పిల్ల పురిటికి పుట్టింటికి రావాలంటే గోదారి పర్మిసనడగాలా? వంతెనెయ్యండి, పిల్లనిత్తాను. ఆయ్!" 

సరిగ్గా ఆ రోజుల్లో రాజధానిలో ఇంకో రకం కరువు నడుస్తోంది. చిన్న ద్వీపాల ఆర్థిక వ్యవస్థల్లో పెట్టుబడి ఎటు పోతోందో కనిపెట్టడం ఆ ఏడాది పెద్ద మోజు. ఏ సభకెళ్ళినా అదే మాట. మోజు వచ్చింది గనక సంస్థ వచ్చింది. సంస్థ వచ్చింది గనక డైరెక్టరొచ్చారు. డైరెక్టరొచ్చారు గనక కారొచ్చింది. ద్వీపం ఒక్కటే రాలేదు. సముద్రంలో వెతికితే దొరికిన వాటిలో పక్షులున్నాయి గానీ మనుషులు లేరు. పక్షులు గుడ్లు పెడతాయి గానీ పెట్టుబడి పెట్టవు. చివరికి సంస్థలో ఎవరో నిఘంటువు తెరిస్తే లంక అంటే ద్వీపం అని కనబడింది. అంతే, మర్నాటికల్లా తోకలంక ఒక చిన్న ద్వీప ఆర్థిక వ్యవస్థ అయి కూర్చుంది. ఊరికి ఆ సంగతి నెల తర్వాత తెలిసింది.

డైరెక్టరు గారి పేరు డాక్టర్ త్రివిక్రమరావు. మనిషి సన్నగా, మాట లావుగా ఉంటుంది. ఆయన బడి పాక ముందు కుర్చీ వేయించుకుని, ఊరందరినీ కింద కూర్చోబెట్టి మొదలెట్టారు.

"సోదరసోదరీమణులారా! తోకలంక ఆర్థిక వ్యవస్థలో స్థూల స్థిర మూలధన కల్పన యొక్క దీర్ఘకాలిక ధోరణులను మా సంస్థ అధ్యయనం చేయ సంకల్పించినది."

ఊరు ఊరంతా సుభద్రమ్మ వైపు చూసింది. ఆవిడ మొగుడి వైపు చూసింది. సూరన్న చేతులు జోడించాడు.

"దోరణంటే ఈవిడ దోరణి నన్నడగండి బాబూ. పెళ్ళైన కాడ్నించీ అద్దెయినం సేత్తన్నాను, ఇంకా కొస దొరకలేదు."

జనం గొల్లుమన్నారు. డైరెక్టరు గారి పక్కన కమలాకర్ అని క్షేత్ర పరిశోధకుడు, కొత్తగా ఉద్యోగంలో చేరినవాడు, నవ్వబోయి డైరెక్టరు గారి మొహం చూసి దగ్గాడు.

"పెట్టుబడి ధోరణి తాతా," అని సర్దాడు కమలాకర్. "అంటే, ఈ ఊళ్ళో పెట్టుబడి ఎక్కడ పెడుతున్నారు?"

"గోదాట్లోనండి."

"ఎన్నాళ్ళ నుంచి?"

"తాతల్నాడు కొబ్బరితోట పెట్టాం. గోదాట్లో. మా అయ్య పెంకుటిల్లు పెట్టాడు, గోదాట్లో. నేను బోరేయించాను. అదీ అందులోనే."

కమలాకర్ శ్రద్ధగా రాసుకున్నాడు. జలవనరుల రంగంలో మూడు తరాలుగా నిరంతర పెట్టుబడి.

అసలు చిక్కు ఆ తర్వాత వచ్చింది. సంస్థ మార్గదర్శకాల ప్రకారం, స్థిర పెట్టుబడి అంటే పెట్టిన చోటి నుంచి ఒక పూర్తి ఆర్థిక సంవత్సరంపాటు కదలనిది. తోకలంకలో అలాంటి వస్తువు కోసం కమలాకర్ ఊరంతా గాలించాడు. ఏ వస్తువు చూపించినా "ఇది వరదలో గట్టు మీదికి వెళ్ళిందా?" అని అడగడం, "ఎల్లకపోతే ఉంటదేటండీ?" అని వాళ్ళనడం, కొట్టేయడం. సాయంత్రానికి లెక్క తేలింది. సున్నా. డైరెక్టరు గారు యాభై ఏళ్ళ ధోరణిని తెల్ల కాగితం మీద గీయించారు. గీత కాగితం అడుగున సున్నా వెంబడి జెర్రిలా పాకుతూ ఆ కొస నుంచి ఈ కొసకు పోయింది.

"సర్లెండి, ఆ గీతకేం గానీ," అంది సుభద్రమ్మ, అదను చూసుకుని. "మా వంతెన సంగతేటండీ బాబూ?"

"అమ్మా! వంతెన పెట్టుబడిని అనుసరించును. పెట్టుబడి వంతెనను అనుసరించదు. సున్నాకు వంతెన వేసినచో లోకము నవ్వును. మీ ధోరణి ఊర్ధ్వముఖమైనచో వంతెన దానంతట అదే మంజూరగును. నేనే సిఫారసు చేసెదను."

"ఊర్ద్వముఖం అంటే ఏటండి?"

"పైకి చూచుట."

"వరదొచ్చినప్పుడల్లా మేం పైకే సూత్తావండి," అంది సుభద్రమ్మ. అన్నదే గానీ ఆవిడ మనసు అప్పటికే ఆ గీత మీద పడిపోయింది. దాన్ని ఎలాగైనా లేపాలి. గీత లేస్తే వంతెన, వంతెన లేస్తే కోడలు. ఆ రాత్రి ఆవిడకి నిద్ర పట్టలేదు, ఆశతో.

మర్నాటి నుంచి ఊళ్ళో స్థిరీకరణ మొదలైంది. మోటార్ల కింద సిమెంటు పోశారు. మంచం కోళ్ళు నేలలో పాతారు. ఒకాయన తన సైకిల్ని గోడకు అతికించేసి, నడిచి వెళ్ళి దాన్ని చూసుకుని వచ్చేవాడు. రుబ్బురోళ్ళు తాము పుట్టినప్పటి నుంచీ స్థిరంగానే ఉన్నామన్నట్టు కూర్చున్నాయి గానీ, పొత్రం తిరుగుతుంది గనక సగమే లెక్కలోకి వచ్చింది.

గేదెల దగ్గర పేచీ వచ్చింది. మేతకు వెళ్తుంది కాబట్టి గేదె చరాస్తి. కట్టుగొయ్య దగ్గరే ఉంచి మేత తెచ్చి వేస్తే? కమలాకర్ తేల్చలేక రాజధానికి ఫోన్ చేశాడు. అక్కడ ఉపసంఘం కూర్చుంది. కట్టేసి ఉన్నంతకాలం గేదె స్థిర పెట్టుబడి, అది ఈనితే పెట్టుబడి విస్తరణ, దూడ గంతులు వేస్తే మాత్రం ఒడుదొడుకులు అని జవాబొచ్చింది. కోళ్ళ గురించి కూడా స్పష్టత ఇచ్చారు. పొదుగుతున్న పెట్ట స్థిరం. పుంజు ఎన్నటికీ కాదు.

ఇంత చేసినా గీత చంటిపిల్ల మెడలాగ కాస్త లేచి మళ్ళీ వాలిపోయింది. డైరెక్టరు గారు ఫాల్గుణంలో మళ్ళీ వచ్చి, పెదవి విరిచి, రేవు వైపు చూశారు. రేవులో గంగానమ్మ నీళ్ళ మీద అటూ ఇటూ ఊగుతోంది.

"సర్పంచి గారూ, అది ఎవరిది?"

"మాదేనండి."

"ద్వీపమునందలి అతిపెద్ద మూలధన వస్తువు అట్లు ఊగిసలాడుచుండగా ధోరణికి స్థిరత్వమెక్కడిది? దానిని కుదుట పరచుడు. గీత నింగినంటును."

ఆ సాయంత్రం ఇంట్లో మొగుడూ పెళ్ళాల మధ్య మాటలు లేచాయి.

"ఏట్లో తిరిగితే దాన్ని నావంటారే. గట్టు మీద పాతితే కట్టెలంటారు," అన్నాడు సూరన్న.

"ఇప్పుడేటి, ఎండలేగా. మోకాల్లోతు నీళ్ళు. ఇసకలో నడిసే ఎల్తన్నారు జనం. ఆషాడానికల్లా విప్పేత్తారంట."

"ఎవరన్నారు?"

"ఎవరంటే... ఇప్పకుండా ఎలా ఉంటారయ్యా! సదువుకున్నోళ్ళు కదా."

"అదేనే నా బయ్యం."

"మన నూకడి మొకం సూడయ్యా," అంది సుభద్రమ్మ, గొంతు తగ్గించి. "ఆ పిల్లకి వేరే సంబంధాలు సూత్తన్నారంట. నేనేం నా కోసం అడుగుతున్నానా?"

సూరన్న చుట్ట తీసి ముట్టించకుండానే నోట్లో పెట్టుకున్నాడు. "తీసుకెల్లవే," అన్నాడు చివరికి. "నీ వంతెన, నీ ఇష్టం." ఆ తర్వాత ఆవిడతో మాట్లాడడం మానేశాడు. అలిగి కాదు. ఆయనకి మాట రాలేదు.

నావ కోసం ఒక సిమెంటు దిమ్మను లంక తలకాయ దగ్గర, రేవు పైన మెరక మీద కట్టారు. సంస్థ ఖర్చు గనక పునాది పాతాళం దాకా దించారు. కంట్రాక్టరు కూడా ఏ కళనున్నాడో పొరపాటున గట్టిగా కట్టేశాడు. దాని మీద గంగానమ్మను ఎక్కించి, నాలుగు ఇనుప పట్టీలు వేసి బోల్టులు బిగించారు. 'తోకలంక స్థిర మూలధనము. కదలించరాదు' అని బోర్డు పెట్టారు. కమలాకర్ గీత గీశాడు. గీత కాగితం దాటి బల్ల మీదికి వెళ్ళింది. డైరెక్టరు గారు దానికి దండ వేశారు.

అప్పన్న కూడా ఆ దండ వార్త విని మెత్తబడ్డాడు. శంకుస్థాపన కాగానే తాంబూలాలు పుచ్చుకుందామన్నాడు. నూకరాజు మళ్ళీ తల దువ్వుకోవడం మొదలెట్టాడు. సూరన్న మాత్రం రోజూ పొద్దున్నే చిన్న సీసాలో ఆముదం పట్టుకుని దిమ్మ దగ్గరికి వెళ్ళి, ఏదో రాసి, దణ్ణం పెట్టి వచ్చేవాడు. గంగానమ్మకి మొక్కు తీర్చుకుంటున్నాడు కాబోలని ఊరనుకుంది. సుభద్రమ్మ అదీ అడగలేదు, అడిగితే జవాబు రాదని తెలుసు.

ఆషాఢం వచ్చింది. ఏట్లో నీళ్ళు నడుము దాటాయి. సుభద్రమ్మ సంస్థకి ఫోన్ చేసింది. "బాబూ, ఇక నావ ఇప్పించండి."

"ఎట్లు అమ్మా? పూర్తి ఆర్థిక సంవత్సరము కావలెను గదా! మార్చి నెలాఖరు వరకు కదలరాదు."

"శ్రావణంలో వరదొత్తదండి!"

"వరద వచ్చుట వరద ధోరణి. అది మా విభాగము కాదు. ఆర్థిక సంవత్సరము గోదావరిని అడిగి మొదలుకాదమ్మా."

ఫోన్ పెట్టేసి ఆవిడ రేవులోకి వెళ్ళి ఏటిని చూసింది. ఇన్నాళ్ళూ గీత వైపే చూసింది గానీ ఏటి వైపు చూడలేదు. తాను చేసిన పనేమిటో ఆవిడకప్పుడు నిలువునా తెలిసింది. విప్పేయమని మొగుణ్ణి అడుగుదామా అనుకుంది. విప్పితే వంతెన పోతుంది, పెళ్ళి పోతుంది. విప్పకపోతే? ఇంకా వరద రాలేదుగా, ఈ ఏడు చిన్న వరదే వస్తుందేమో, అని తనకు తాను చెప్పుకుంది. లంకలో పుట్టిన మనిషి నమ్మకూడని మాట అది.

శ్రావణం రెండో వారంలో ఏరు ఎర్రబారింది. ధవళేశ్వరం దగ్గర హెచ్చరికలు ఒకటి తర్వాత ఒకటి ఇస్తున్నారు. చిన్న దోనెల్లో పిల్లల్నీ బాలింతల్నీ కొందర్ని దాటించారు గానీ, వడి పెరిగాక దోనె దింపడానికి గుండె చాలలేదు ఎవరికీ. పడవలు పంపండి బాబూ అని సుభద్రమ్మ ఒడ్డునున్న ఆఫీసులన్నిటికీ మొరపెట్టుకుంది. నావలు లేని లంకలకు ముందు పంపుతున్నామనీ, తోకలంకలో పెద్ద నావ స్థిరంగా ఉన్నట్టు రికార్డులో ఉందనీ జవాబొచ్చింది.

ఇది చాలదన్నట్టు ఆ పొద్దుటే డైరెక్టరు గారు మోటారు బోటులో దిగారు. స్థిరత్వోత్సవమట. ముహూర్తం ముందే పెట్టుకున్నారట. ఆయనా, కమలాకరూ, ఉపసంఘం సభ్యులిద్దరూ. బోటువాడు వాళ్ళను దింపి, భోజనాలు తెస్తానని గట్టుకు వెళ్ళాడు. వెళ్ళినవాడు ఏటి వడి చూసి గట్టునే ఉండిపోయాడు.

డైరెక్టరు గారు నావ మీదికెక్కి ఉపన్యాసం మొదలెట్టారు. పల్లంలో ఉన్న పాకల్లోకి అప్పటికే నీళ్ళు వచ్చేశాయి. జనం మూటాముల్లెతో, గేదెల్తో మెరక మీదికి, అంటే ఆ దిమ్మ చుట్టూకి చేరారు. చక్కటి సభ కుదిరిందనుకుని ఆయన గొంతు పెంచారు.

"ఈ నావను చూడుడు! గత సంవత్సరము ఇది అలల పాలు. నేడు అచంచలము!"

అచంచలం అనేసరికి నీళ్ళు దిమ్మను తాకాయి. ఇంకాసేపటికి దిమ్మ మీదికి వచ్చాయి. ఉపసంఘం సభ్యులిద్దరూ చెప్పులు చేత పట్టుకుని నావలోకి ఎక్కారు. కమలాకర్ డైరెక్టరు గారి పంచె కొస లాగాడు.

"సార్, నీళ్ళు," అన్నాడు.

డైరెక్టరు గారు కిందికి చూశారు. కాస్త తగ్గిన గొంతుతో, "ఈ నావ బయలుదేరునా?" అన్నారు.

సూరన్న బోర్డు చూపించాడు. చదువు రాకపోయినా అందులో ఏముందో ఊరందరికీ కంఠతా వచ్చు.

"మార్గదర్శకములలో వెసులుబాటు కలదు," అన్నారు డైరెక్టరు గారు, చెమట తుడుచుకుంటూ. "అత్యవసర నిమిత్తము తాత్కాలిక స్థానచలనమునకు ఉపసంఘము సిఫారసు చేయవచ్చును. సభ్యులు ఇచటనే ఉన్నారు. సమావేశము ప్రారంభమైనది."

నావలోనే సమావేశం జరిగింది. తాత్కాలికం అనే మాటకు నిర్వచనం కావాలన్నాడు ఒక సభ్యుడు. కదిలి తిరిగి అదే చోటికి వస్తే కదిలినట్టా కానట్టా అని అడిగాడు రెండోవాడు. నీళ్ళు గేదెల కడుపుల దాకా వచ్చాయి. దూడల్ని మగవాళ్ళు భుజాలకెత్తుకున్నారు. ఒక ముసలామె గట్టిగా ఏడుపందుకుంది.

సుభద్రమ్మ ఆ ముసలామెను చూసింది. కొడుకును చూసింది. వాడు ఎవరి పిల్లనో చంకనెత్తుకుని నడుముల్లోతు నీళ్ళలో నిలబడ్డాడు. ఆవిడకి కోపం వచ్చింది, డైరెక్టరు మీద కాదు, తన మీద. పక్కవాడు పాకలోంచి తెచ్చుకున్న గునపం అతని చేతిలోంచి లాక్కుని నీళ్ళు తోసుకుంటూ దిమ్మ దగ్గరికి నడిచింది.

"అమ్మా! ఏమి చేయుచున్నారు? ధోరణి పడిపోవును!" అని అరిచారు డైరెక్టరు గారు.

"మీ దోరణి మీద బండ పడ!" అంది సుభద్రమ్మ. "నాకు వంతెనా వద్దు, గింతెనా వద్దు. నా ఊరు మునిగిపోతంది! లెగండక్కడ్నించి!"

అని గునపం ఎత్తింది. ఆ చేతిని వెనక నుంచి ఎవరో పట్టుకున్నారు.

"నావకి చిల్లు పడుద్దే పిచ్చిమొకమా," అన్నాడు సూరన్న. నెలల తర్వాత ఆయన ఆవిడతో అన్న మొదటి మాట అది. మొలలోంచి పానా తీసి నీళ్ళలో మునిగాడు. ఒక్కో బోల్టూ వెన్నలా తిరిగి ఊడి వచ్చింది. ఎండల నాటి నుంచీ ఆముదం తాగి తాగి ఉన్నాయవి.

ఆవిడ నోరు తెరుచుకుని చూసింది. "ఇప్పగలిగే ఉండి... ఇన్నాళ్ళూ ఇప్పలేదేటయ్యా?"

"నీ వంతెన నువ్వొద్దనుకోవాలి గానీ, నేనొద్దంటానేటే?" అన్నాడు సూరన్న, మొహం మీది నీళ్ళు తుడుచుకుంటూ. సుభద్రమ్మకి ఏడుపాగలేదు. అందరి ముందూ, నీళ్ళలో నిలబడి, భోరున ఏడ్చింది.

ఆఖరి పట్టీ ఊడగానే గంగానమ్మ ఒక్కసారి ఒళ్ళు విరుచుకుని నీళ్ళ మీదికి లేచింది. పొద్దు వాలేలోగా మళ్ళీ మళ్ళీ తిరిగి, ముసలీ ముతకా, గేదే దూడా, ఆఖరికి ఎన్నటికీ స్థిరం కాని పుంజులతో సహా గట్టుకు చేర్చింది. ఉపసంఘం మొదటి దఫాలోనే దాటింది. సమావేశం గట్టు మీద కొనసాగింది. తాత్కాలిక స్థానచలనానికి అనుమతి ఇవ్వరాదని తీర్మానించారు.

"మూలధనము ద్వీపము విడిచి పారిపోయినది," అన్నారు డైరెక్టరు గారు, గట్టు మీద ఆరబెట్టుకున్న పంచె కట్టుకుంటూ. "నివేదికలో వ్రాయక తప్పదు."

"రాసుకోండి," అంది సుభద్రమ్మ. గట్టు మీద అప్పన్న కనిపించినా తల తిప్పుకుంది. నూకరాజు పెళ్ళి ఏట్లో కలిసిందనే అనుకుంది.

వరద తీశాక చూస్తే లంక తలకాయ లేదు. ఎప్పటిలాగే గోదారి తిని తోక దగ్గర పోసింది, ఈసారి కాస్త ఎక్కువ తిన్నది. ఊరు దిగువకి జరిగింది. దిమ్మ ఒక్కటీ చెక్కు చెదరకుండా, నాలుగు వైపులా నీళ్ళతో, నడి ఏట్లో నిలబడి ఉంది. బోర్డు కూడా పోలేదు.

మార్చి నెలాఖరున కమలాకర్ లెక్కకు వచ్చాడు. గట్టు మీద నిలబడి ఆ దిమ్మను చూసి, నిబంధన మళ్ళీ చదువుకుని, రాజధానికి ఫోన్ చేశాడు. ఎడతెగని చర్చ జరిగింది. చివరికి డైరెక్టరు గారు లేచి నిలబడి ప్రకటించారట. మహా వరదలో సైతం వెంట్రుకవాసి కదలని పెట్టుబడి ప్రపంచంలోని ఏ చిన్న ద్వీపంలోనూ నమోదు కాలేదు. నావ పోయిన మాట నిజమే గానీ అది తరుగుదల. దిమ్మ అసలు. గీత మళ్ళీ బల్ల మీదికి వెళ్ళింది, ఈసారి గోడ కూడా ఎక్కింది. వంతెన మంజూరైంది.

ఊళ్ళో డప్పులు మోగాయి. అప్పన్న స్వయంగా పసుపూ కుంకుమా పట్టుకుని వచ్చి తాంబూలాలు పుచ్చుకున్నాడు. పెళ్ళి వంతెన పూర్తయ్యాకే అన్నాడు. స్తంభాలు లేచాయి. లేస్తున్న కొద్దీ సుభద్రమ్మకి ఏదో తేడాగా అనిపించింది. గట్టు మీదికి వెళ్ళి అక్కడున్న డైరెక్టరు గారిని నిలదీసింది.

"ఊరు ఇక్కడుందండీ. వంతెన అక్కడేత్తున్నారేటండీ? ఆ దిమ్మ మీద ఎవరున్నారని?"

"అమ్మా," అన్నారు డైరెక్టరు గారు ఓర్పుగా, "వంతెన పెట్టుబడిని అనుసరించునని మొదటనే విన్నవించితిని. పెట్టుబడి అచ్చట ఉన్నది. ఊరందురా, ఊరు చరాస్తి. వచ్చే వరదకు ఎచ్చట ఉండునో మీరు చెప్పగలరా?"

అదొక్కటే ఆయనన్న నిజమైన మాట, ఏం చేస్తాం!

వంతెన పూర్తయింది. గట్టు మీద నుంచి ఠీవిగా బయలుదేరి, ఏరు సగం దాటి, దిమ్మ దగ్గర ఆగిపోయింది. ప్రారంభోత్సవమూ నూకరాజు పెళ్ళీ ఒకే రోజు పెట్టుకున్నారు. తెల్లారగట్ల వంతెన మీద పెళ్ళివారు సన్నాయిమేళంతో నడిచి వచ్చారు. వంతెన కొసకొచ్చి అప్పన్న కిందికి చూశాడు. నీళ్ళు.

"వంతెనేసారన్నారు కదా చెల్లెమ్మా?"

"ఏసారు కదా అన్నయ్యా," అంది కింద నావతో ఎదురొచ్చిన సుభద్రమ్మ నవ్వాపుకుంటూ. "ఇదిగో, దిమ్మ మీంచి దిగి నావెక్కితే మా ఊరే."

అప్పన్న వెనక్కి తిరుగుదామంటే కూతురు అప్పటికే నావలో కూర్చుని ఉంది. పెళ్ళివారంతా గంగానమ్మ ఎక్కారు. పెళ్ళి భోజనాలు లంకలోనే.

ఎండెక్కాక డైరెక్టరు గారొచ్చి రిబ్బను కత్తిరించి, వంతెన పొడుగునా నడిచి, కొసన నిలబడి, ఉపన్యాసమిచ్చారు. ఉపన్యాసం అయిపోయింది. ఆకలి వేసింది. అవతల లంకలో గారెలు వేగుతున్న వాసన గాలికొస్తోంది. ఆయన దిమ్మ మీదికి దిగి, రెండు చేతులూ నోటి దగ్గర పెట్టుకుని పిలిచారు.

"నావా! నావ తెప్పింపుడు!"

సూరన్న అవతలి ఒడ్డున గంగానమ్మ కొస మీద కూర్చుని చుట్ట కాలుస్తున్నాడు. పక్కన సుభద్రమ్మ ఉంది, కొత్త చీరతో. సూరన్న చుట్ట తీసి, పెళ్ళాం మొహం చూసి, ఆ బోర్డు వైపు చూపించి, ఏరు దాటి వినబడేలా అడిగాడు.

"ఆయ్! కదల్చమంటారాండీ? కదల్చకూడదంటారాండీ?"

డైరెక్టరు గారు ఆ బోర్డు వైపు తిరిగారు. చాలాసేపు అక్కడే స్థిరంగా నిలబడ్డారు.